తొమ్మిదో నంబరు ముందు గడ్డి

విత్తనం నీళ్ళలో పడ్డాక గంట టైము. మహా అయితే రెండు గంటలు. ఆలోపు ట్యాంకు ఖాళీ అయిపోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా గడ్డి చల్లుతున్న మాలకీ డన్, పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే మాట ఇదే. ఎరువంటే ఉప్పురా నాయనా, ఉప్పునీళ్ళలో పసిబిడ్డని ఎంతసేపు కూర్చోబెడతావు, అనేవాడు.

ఆ మంగళవారం పొద్దున క్లూనారా కాలనీలో ముందు కొంచెమే కలిపాడు. ఊరి కౌన్సిల్ కొత్తగా కట్టించి ఇచ్చిన పన్నెండు ఇళ్ళు, అర్ధచంద్రాకారంలో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఎకరానికి కాస్త తక్కువ ఖాళీ నేల. నేల బాగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. రాళ్ళు ఏరి, మట్టి వదులు చేసి, పరుపు మీద దుప్పటి సర్దినట్టు చదును చేశారు. కొత్త చోట ఎప్పుడూ ఓ మూల చల్లి చూసుకోవడం మాలకీ అలవాటు. నాజిల్ సరిగ్గా విచ్చుకుంటోందా, జావ మరీ పల్చనైందా, నేల పట్టుకుంటోందా జారిపోతోందా అని చూసుకునేవాడు. ఆ రోజు ఆ మూల తొమ్మిదో నంబరు ఇంటి ముందు పడింది.

గొట్టం భుజాన వేసుకుని కుడి నుంచి ఎడమకీ ఎడమ నుంచి కుడికీ ఊపుతూ, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తున్నాడు. తుంటి నొప్పి వల్ల ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. నల్లమట్టి మీద ఆకుపచ్చటి జావ చిటచిటమని పడుతోంది. గుమ్మంలో నలభై అయిదేళ్ళావిడ ఒకతె నిలబడి చూస్తోంది.

"ఏం పూస్తున్నావన్నా? పెయింటా?"

"గడ్డి."

"గడ్డి డబ్బాల్లో కూడా వస్తోందా?"

మాలకీకి నవ్వొచ్చింది. గొట్టం కట్టేసి చెప్పాడు. "ఆ రంగు నాకోసమమ్మా. ఎక్కడ చల్లానో, ఎక్కడ వదిలేశానో నాకు కనపడాలిగా. గడ్డికీ దానికీ ఏం సంబంధం లేదు. లోపలున్నది కాగితం గుజ్జు, ఎరువు, కాస్త జిగురు, విత్తనం."

"అదృష్టం చూడు," అందావిడ. "మా వాళ్ళెవ్వరూ ఇంటి ముందు గడ్డి అన్నది ఎరగరు. గడ్డి ఎక్కడుంటే అక్కడికి మేమే పోయేవాళ్ళం."

ఆ మాటతో ఆవిడ ఎవరో తెలిసిపోయింది. ట్రావెలర్లు, ఐర్లండులో తరతరాలుగా బండ్లలో, ఆ తర్వాత చక్రాల ఇళ్ళలాంటి క్యారవాన్లలో ఊరూరా తిరిగిన జనం. పేరు విన్నీ మోంగన్ అంది. మొగుడు ఆసుపత్రికి వెళ్ళాడు, ఊపిరితిత్తుల జబ్బు. సోడా బ్రెడ్డు మీద వెన్న మందంగా రాసి, టీతో పాటు తెచ్చి గోడ మీద పెట్టింది. మాలకీ చేతులు ప్యాంటుకి తుడుచుకుని అక్కడే నిలబడి తిన్నాడు.

"నేనేం చెయ్యాలి దీనికి?"

"పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి నీళ్ళు. కుమ్మరించకు, చిలకరించు. ఎవ్వరినీ తొక్కనియ్యకు. మూడు వారాల్లో నువ్వే చూస్తావు."

పదకొండింటికి పెద్ద ట్యాంకు కలిపాడు. నీళ్ళు సగం పట్టాక కాగితం బేళ్ళు కోసి ఒక్కొక్కటే వేశాడు, తెడ్లు గుర్రుగుర్రుమంటూ తిప్పుతున్నాయి. చివర్లో ఎరువు, ఆఖరున విత్తనం. మూత బిగించాడో లేదో, ఫోన్ మోగింది. యజమాని జెర్ కోస్టిగన్.

"చల్లకు పెద్దాయనా, ఆపు. మంత్రిగారొస్తున్నారు. గొట్టం ఆయన చేత పట్టించి ఫోటో తీస్తారట. పన్నెండుకల్లా ఇక్కడుంటారు."

"పన్నెండంటే పన్నెండేనా?"

"మంత్రులు నీకూ నాకూ చెప్పి వస్తారా?"

పన్నెండయింది. ఒంటిగంటయింది. తెడ్లు ఆపితే గుజ్జు అడుక్కి దిగి పంపు పట్టేస్తుంది, తిప్పితే విత్తనం నలుగుతుంది. మాలకీ ఎటూ తోచక ట్యాంకు చుట్టూ తిరిగాడు. మూడింటికి జెర్ జీపులో దిగాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. అతని తండ్రే మాలకీని పనిలో పెట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి పోయి నాలుగేళ్ళయింది.

"ఇవాళ రాడట. రేపు పదకొండుకి," అన్నాడు జెర్.

"అయితే ఇది పారబోద్దాం. రేపు కొత్తది కలుపుతాను."

"దేంతో కలుపుతావు? విత్తనం సంచులన్నీ ఇందులోనే పోశావు. డబ్లిన్ నుంచి మళ్ళీ రావాలంటే వచ్చే సోమవారం."

"అయితే వచ్చే సోమవారం చల్లుదాం. జెర్, రేపటికి ఇది విత్తనం కాదు. అంబలి."

జెర్ ట్యాంకు మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. "రంగు పచ్చగానే ఉంటుందిగా?"

"రంగుకేం? రంగు రంగులానే ఉంటుంది."

"చాలు. కాసిని గింజలైనా మొలవకపోవు. అంత చాదస్తం అయితే తర్వాత పైపైన ఓసారి చల్లుదాంలే."

తండ్రి అయితే ఈ మాట అనేవాడు కాదు. ఆ సంగతి పైకి అందామని నోటిదాకా వచ్చింది మాలకీకి. కానీ యాభై ఎనిమిదేళ్ళ వయసు, అరిగిపోయిన తుంటి, ఇంకో గుమ్మం ఎక్కితే ఎవడు పనిస్తాడు. నోరు మూసుకుని ట్యాంకు మీద టార్పాలిన్ కప్పాడు.

*

బుధవారం మంత్రిగారు పదకొండున్నరకి వచ్చారు. కొత్త రబ్బరు బూట్లు తొడిగించారు. మాలకీ వెనక నిలబడి గొట్టం బరువు తాను మోస్తుంటే, మంత్రిగారు ముందు నిలబడి కెమెరాల వైపు నవ్వుతూ రెండు నిమిషాలు చల్లారు. అందరూ చప్పట్లు కొట్టారు. జెర్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

కార్లు వెళ్ళిపోయాక మిగతా నేలంతా మాలకీ ఒక్కడే చల్లాడు. మధ్యలో ఓసారి నాజిల్ మూతి దగ్గర జావ చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. గింజ ఉబ్బిపోయి మెత్తగా ఉంది. నొక్కితే పగిలి తెల్లటి పాలు కారింది. పులిసిన వాసన వేసింది. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ గొట్టం అందుకున్నాడు. నిన్న చల్లిన మూల దాకా వచ్చి, దాని అంచున గీత గీసినట్టు ఆపేశాడు. చల్లినదాని మీద మళ్ళీ చల్లడం పనివాడి లక్షణం కాదు.

నాలుగో నంబరు ఇంట్లో ఉండే ఫిడెల్మా, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి, చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని వచ్చింది.

"నేను ఈ కాలనీ సంఘం కార్యదర్శినండీ. నీళ్ళ సంగతి చెప్తే రాసుకుంటాను. వంతులు వేస్తాను."

మాలకీ ఆవిడ పెన్ను వైపు చూశాడు. ముఖం వైపు చూడలేకపోయాడు.

"పొద్దున ఓసారండీ. సాయంత్రం ఓసారి. కుమ్మరించకూడదు."

ఆవిడ రాసుకుంది. "కుమ్మరించకూడదు" అన్న మాట కింద గీత కూడా గీసింది.

*

దాదాపు నాలుగు వారాల తర్వాత ఓ సోమవారం, "క్లూనారా నుంచి గోల చేస్తున్నారు, ఓసారి చూసిరా" అన్నాడు జెర్. చూడకుండానే మాలకీకి తెలుసు. అయినా వెళ్ళాడు.

రంగు వెలిసిపోయింది. నేలంతా ఎండిన అట్టలా పెళుసుబారి, అక్కడక్కడా పగిలి పైకి లేచింది. దూరంనుంచి చూస్తే ఎవరో పెద్ద పెద్ద పాత కాగితాలు పరిచి మరిచిపోయినట్టుంది. ఒక్క తొమ్మిదో నంబరు ముందు మాత్రం, రెండు మంచాలు వేసేంత మేర, పచ్చగా, వేలెత్తున, దట్టంగా గడ్డి. ఆ గడ్డి అంచు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. పని తెలిసినవాడెవడైనా ఆ ఒక్క అంచు చూస్తే చాలు, కథంతా చదివేస్తాడు. ఇటు నేలా అటు నేలా ఒకటే, ఎండా ఒకటే, నీళ్ళూ ఒకటే. తేడా అంతా ట్యాంకులోనే ఉంది.

ఫిడెల్మా నీళ్ళ క్యాను పట్టుకుని వచ్చింది. ఎండకి మెడ ఎర్రగా కమిలి ఉంది.

"చూశారా? ఇరవై ఆరు రోజులు. పదకొండు ఇళ్ళ వాళ్ళం ఒక్క పూట తప్పకుండా పోశాం. పదో నంబరు ముసలాయన వాకర్ పట్టుకుని కూడా వచ్చి పోశాడు. ఇప్పుడు అటు చూడండి." తొమ్మిదో నంబరు వైపు గడ్డం ఎత్తింది. "వాళ్ళదొక్కటే వచ్చింది. ఎలా వచ్చిందంటారు?"

మాలకీ ఆ గడ్డి అంచు మీదే చూపు నిలిపాడు.

"నేను చెప్తాను. వాళ్ళకో గుర్రం ఉంది. ఊరి చివర పొలంలో కడతారు. మొన్నామధ్య ఆవిడ మొగుడు దాన్ని కాలనీలోంచి నడిపించుకుపోవడం నేను కళ్ళారా చూశాను. మనది తొక్కించడం, తమది కాపలా కాసుకోవడం. ఇంకేం కావాలి?"

"రోడ్డు మీద నడిపించాడా, ఇక్కడా?"

"ఒకసారి రోడ్డు మీద చూశాను. నేను చూడని సార్లు ఇంకెన్నో."

"డెక్కల గుర్తులు ఎక్కడా కనపడటం లేదండీ," అన్నాడు మాలకీ మెల్లిగా.

"నెలరోజులై చుక్క వాన లేదు. రాయిలా ఉన్న నేల మీద గుర్తులెలా పడతాయి?"

దానికి జవాబు ఉంది. ఈ అట్ట మీద పిల్లి నడిచినా గుర్తు పడుతుంది. మాలకీ ఆ మాట అనలేదు. కూర్చుని, ఓ ముక్క పైకి లేపి చూశాడు. కింద గింజలు గోధుమరంగులో, చిన్న చిన్న చితికిన పురుగుల్లా ఉన్నాయి. ఒక్కటీ కాలు చాపలేదు.

"కౌన్సిల్‌కి రాశాం," అంది ఫిడెల్మా. "పదకొండు సంతకాలు. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తోంది. నేను చెడ్డదాన్ని కాదు మాలకీ గారూ. వాళ్ళు దిగిన రోజు కేకు చేసి తీసుకెళ్ళినదాన్ని నేను." ఆవిడ గొంతు వణికింది. అది అబద్ధమూ కాదు, నాటకమూ కాదు. ఇరవై ఆరు రోజుల నీళ్ళు అందులో ఉన్నాయి.

ఆవిడ లోపలికి వెళ్ళాక విన్నీ గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. వెళ్ళకుండా ఎలా ఉంటాడు. టీ పెట్టింది. ఈసారి గోడ దగ్గర కాదు, వంటింట్లో కూర్చోబెట్టింది. బల్ల మీద కౌన్సిల్ ఉత్తరం ఉంది, టీ మరక పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

"చదువుతావా అన్నా? నేను చదివించుకున్నాను. అయినా ఇంకోసారి ఎవరైనా చదివితే మాటలు మారతాయేమోనని."

మాటలు మారలేదు. మొదటి సంవత్సరం ఇల్లు షరతుల మీద ఇచ్చినట్టు. ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించినా, కాలనీ ఉమ్మడి స్థలానికి నష్టం చేసినా, ఇంటి విషయం మళ్ళీ ఆలోచిస్తారు. శుక్రవారం తనిఖీ.

"ఇంటి కోసం ఇరవై రెండేళ్ళు లిస్టులో ఉన్నాం," అంది విన్నీ. "క్యారవాన్‌లో ఆయన దగ్గు వింటూ ఇరవై రెండు చలికాలాలు. ఇక్కడికొచ్చాక రెండు నెలల్లో దగ్గు సగం తగ్గింది. గోడలకి తేమ లేదుగా. ఇప్పుడు గడ్డి వచ్చిందని గొడవ. రాకపోతే రాలేదని అనేవాళ్ళు. వచ్చినందుకు ఏడుపేంటన్నా?"

మాలకీ కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. చక్కెర కరిగి చాలాసేపయింది.

"నువ్వు పనివాడివి. నీకు తెలుస్తుంది. వాళ్ళది ఎందుకు రాలేదు?"

ఇదే సమయం. వంటింట్లో ఇద్దరే ఉన్నారు. ఒక్కమాట చెప్తే అయిపోతుంది. మాలకీ నోరు తెరిచాడు.

"ఎండలమ్మా," అన్నాడు. "ఈ ఏడు ఎండలు జాస్తి."

"మరి నా మీద ఎండ కాయలేదా?" అని నవ్వి, ఆవిడ ఇంకో ముక్క బ్రెడ్డు కోసింది. మాలకీ అదీ తిన్నాడు.

*

మర్నాడు కంపెనీ యార్డులో జెర్ ఓ టైపు కాగితం తెచ్చి ట్యాంకు రేకు మీద పెట్టాడు.

"సంతకం పెట్టు."

మాలకీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. విత్తనం సరైన పద్ధతిలో, సరైన సమయంలో చల్లడమైనది. తర్వాత జరిగిన తొక్కుడు వల్ల మొలక దెబ్బతిన్నది. కింద అతని పేరు, హోదా.

"తొక్కుడేంటి జెర్? ఆ విత్తనాన్ని చంపింది మనం."

"మనమా? గొట్టం ఎవరి చేతిలో ఉంది?"

"మంత్రిగారి చేతిలో."

"రెండు నిమిషాలు. ఆ తర్వాత మూడు గంటలు నీ చేతిలో." జెర్ గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా, నీ మంచికే చెప్తున్నాను. ఇందులో ఎవరి పేరూ లేదు. గుర్రమని లేదు, తొమ్మిదో నంబరని లేదు. తొక్కుడు అని ఉంది, అంతే. పిల్లలు తొక్కారేమో, కుక్కలు తొక్కాయేమో, కాకులు తొక్కాయేమో. శరత్కాలంలో మనమే వెళ్ళి ఊరికే మళ్ళీ చల్లి వద్దాం. కౌన్సిల్‌ పనులు పోయాయనుకో, ఈ ట్యాంకు అమ్మేస్తాను. నువ్వేం చేస్తావు?"

"నాన్న ఉంటే..."

"నాన్న లేడు."

నిజమే, లేడు. మాలకీ పెన్ను తీసుకున్నాడు. వేళ్ళకి డీజిలు ఉంది. సంతకం పక్కన నల్లటి వేలిముద్ర పడింది. జెర్ కాగితం ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారమంతా ఓ ఫుట్‌బాల్ మైదానం అంచులకి చల్లాడు. విత్తనం పోసిన దగ్గర్నుంచి గడియారం చూసుకుంటూ నలభై నిమిషాల్లో ట్యాంకు ఖాళీ చేశాడు. పక్కన పనిచేసేవాడు ఎందుకంత తొందర అని అడిగితే కసురుకున్నాడు. ఇంట్లో అన్నం సయించలేదు. గురువారం మధ్యాహ్నం ట్యాంకు కడుగుతూ కడుగుతూ, పంపు ఆపేసి, కౌన్సిల్‌ ఆఫీసుకి ఫోన్ చేశాడు. నలుగురి చేతులు మారాక ఇన్‌స్పెక్టర్ ఊనా దొరికింది.

"రేపు క్లూనారాలో మీకొకటి చూపించాలి మేడమ్. పది నిమిషాలు చాలు. మాట కాదు, కంటితో చూసేది."

"మీ సంతకంతో ఓ ఉత్తరం ఇవాళే వచ్చిందే," అందావిడ.

"దాని గురించే."

ఫోన్ పెట్టేశాక నెలరోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. ఉద్యోగం పోతే పోనీ. మాటలు రాకపోయినా ఫరవాలేదు, ఆ తిన్నటి అంచు ఉంది. దాని పక్కన నిలబెట్టి, మేడమ్, ఇటు గంటలోపు చల్లింది, అటు రోజంతా నానింది అంటే చాలు. ఆ రాత్రి పందిమాంసమూ బంగాళాదుంపలూ పళ్ళెం నిండా తిన్నాడు.

*

శుక్రవారం పదికి అయిదు నిమిషాల ముందే చేరాడు. ఊనా కారు అప్పుడే ఆగింది. ముప్పై ఏళ్ళు దాటని పిల్ల, చేతిలో ట్యాబ్లెట్టు, కాళ్ళకి గట్టి బూట్లు. ఇద్దరూ కలిసి మలుపు తిరిగారు.

మాలకీ ఆగిపోయాడు.

ప్రతి ఇంటి గేటు ముందూ, గోడ వారగా, గడ్డి పెళ్ళ ఒకటి పరిచి ఉంది. పెద్ద పీటంత వెడల్పు, అంగుళం మందం. నాలుగు మూలలూ తీర్చినట్టు కోసి, చుట్టూ మట్టి అదిమి ఉంది. ఒకటో నంబరు ముందు విన్నీ మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి పెళ్ళని అరచేతులతో అదుముతోంది. పక్కన తోపుడుబండి, పార. మోచేతుల దాకా మట్టి.

తొమ్మిదో నంబరు ముందు, ఆ ఒక్క ముక్క పోగా, నల్లటి గుంట.

"వచ్చావా అన్నా?" విన్నీ ముఖం వెలిగిపోయింది. "చూశావా? పొద్దున నాలుగున్నరకి మొదలుపెట్టాను. పన్నెండు ముక్కలు. అందరికీ సమానం, నాకూ ఒకటే. ఇంక ఎవ్వరూ మాకు లేదనడానికి లేదు. మేడమ్‌గారు వచ్చేలోగా అయిపోవాలని నడుం విరగ్గొట్టుకున్నాను."

మాలకీ నడుచుకుంటూ తొమ్మిదో నంబరు దగ్గరికి వెళ్ళాడు. అంచు లేదు. తిన్నటి గీత ఉన్నచోట పార దెబ్బలున్నాయి. అటు ఎండిన అట్ట, ఇటు తవ్విన మట్టి. ఏది ఎక్కడ మొదలైందో తనకే తెలియడం లేదు.

"మీరు చూపిస్తానన్నది ఏదీ?" అంది ఊనా.

"ఇక్కడుండేది," అన్నాడు. తన గొంతు తనకే పిచ్చివాడి గొంతులా వినిపించింది. అయినా ఈసారి ఆగలేదు. చెప్పేశాడు. మంగళవారం కలిపింది, మంత్రి రాకపోవడం, రాత్రంతా ఎరువునీళ్ళలో నానింది, వేళ్ళ మధ్య పగిలిన గింజ, ఉత్తరం మీద సంతకం. ఈ మూల ఒక్కటే బతికున్న విత్తనమనీ, మిగతా నేలకి చల్లింది రంగూ కాగితమూ అనీ. గుర్రం లేదు, ఎవరూ తొక్కలేదు, తొక్కడానికి ఏదీ మొలవలేదు. మాట్లాడుతుండగానే ఫిడెల్మా గేటు తీసుకుని బయటికొచ్చింది. విన్నీ చేతులు దులుపుకుంటూ లేచి నిలబడింది.

ఊనా అంతా వింది. అడ్డు తగల్లేదు. తర్వాత గుంట దగ్గరికి వెళ్ళి ట్యాబ్లెట్టుతో రెండు ఫోటోలు తీసింది. పారకి ఒకటి తీసింది.

"మిసెస్ మోంగన్, ఈ గడ్డి ఇక్కణ్ణుంచి తవ్వింది మీరేనా?"

"నేనే," అంది విన్నీ గర్వంగా. "ఎవ్వరూ సాయం రాలేదు."

ఊనా టైపు చేసుకుంది.

"ఏం రాస్తున్నారు?" అన్నాడు మాలకీ.

"చూసింది. ఉమ్మడి స్థలం తవ్వబడింది, తానే తవ్వానని ఒప్పుకున్నారు."

"అందరికీ పంచిందమ్మా ఆవిడ."

"అది కూడా రాస్తాను. మీరు చెప్పింది కూడా రాస్తాను. కానీ ఒకే మనిషి మంగళవారం ఒకటి సంతకం పెట్టి, శుక్రవారం ఇంకోటి చెప్తే, ఆఫీసులో ఏది నమ్మాలని అడుగుతారు. నిన్నటిదాకా ఇక్కడ గడ్డి ఎలా ఉండేదో నేను చూడలేదు కదండీ." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. కాస్త జాలి కూడా ఉంది. "ఒక్కరోజు ముందు వచ్చుంటే బాగుండేది."

ఆవిడ కారు వెళ్ళిపోయింది. ఫిడెల్మా మాలకీ ముందుకొచ్చి నిలబడింది. 

"నేను అడిగి రాసుకుంటుంటే," అంది, "మీకు తెలుసు."

"తెలుసండీ."

"పదో నంబరాయన వాకర్‌తో..." అని ఆగిపోయింది.  విన్నీ వైపు తిరగబోయి తిరగలేక, తల వంచుకుని తన ఇంటి వైపు నడిచింది.

విన్నీ అరవలేదు. అరిచి ఉంటే మాలకీ తట్టుకునేవాడు. తోపుడుబండిలో పార పడేసి, బండి అంచు మీద కూర్చుంది.

"నా వంటింట్లో కూర్చుని ఎండలన్నావు."

"అన్నాను."

"నా బ్రెడ్డు తింటూ."

మాలకీ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

"ఆ ఉత్తరాల సంగతి నాకెలాగూ అర్థం కాదు," అంది విన్నీ. "అర్థమయ్యేది ఒకటి అడుగుతాను. ఇవి బతకాలంటే ఎన్నిసార్లు నీళ్ళు పొయ్యాలి? ఈసారైనా నిజం చెప్పు."

మాలకీ ఒకటో నంబరు ముందున్న పెళ్ళ పక్కన తుంటి నొప్పితోనే కూర్చున్నాడు. ఓ మూల చేత్తో ఎత్తి చూశాడు. నెలరోజుల గడ్డి. వేళ్ళు దారాల్లా సన్నగా ఉన్నాయి, ఇంకా ఒకదాన్నొకటి పట్టుకోలేదు. పార పడినచోటల్లా తెగిపోయాయి. మట్టి పొడిపొడిగా రాలింది. జూన్ ఎండ అప్పుడే వీపు మీద చుర్రుమంటోంది. ఎత్తిన మూలని జాగ్రత్తగా కిందికి దించి, చుట్టూ మట్టి సర్దాడు.

"ఎన్నిసార్లు పోసినా బతకవమ్మా," అన్నాడు. "మరీ లేతవి. ఆదివారానికి పసుపెక్కుతాయి."

విన్నీ తలాడించింది. కాలనీ చివరిదాకా ఒక్కో గేటునీ వరసగా చూసుకుంటూ వెళ్ళిన ఆవిడ కళ్ళు నాలుగో నంబరు దగ్గర ఆగాయి. అక్కడ ఫిడెల్మా తన పెళ్ళ ముందు వంగి, నేలకి ఆనేంత కిందికి క్యాను దించి, కుమ్మరించకుండా, కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తోంది.

"సరే," అంది విన్నీ గొంతు తగ్గించి. "ఆవిడకి మాత్రం చెప్పకు."